ఎర్ర బండికి పంటి పరీక్ష

ఆ ఆదివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ చెరో ఉద్దేశంతో ఒకే స్కూటరు ఎక్కారు. పాత స్పోర్ట్స్ బైకు ఒకటి కొనాలని ఆవిడ ఉద్దేశం. దాన్ని కొననివ్వకూడదని ఆయన ఉద్దేశం.

ఆవిడ పళ్ళ డాక్టరు. ఇరుగుపొరుగు డాక్టరమ్మ అంటారు. ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. అక్కడివాళ్ళు ఆయనకు కామాగారని పేరు పెట్టారు. ఏ సంగతి దగ్గరైనా కాసేపు ఆగి, అటూ ఇటూ చూసి గానీ ముందుకు కదలడు మరి. రోడ్డు మీద వెళ్తున్నా ఒక్క బోర్డు వదలకుండా చదువుతాడు. 'ఇచట తాళములు బాగుచేయబడును' అన్నచోట తాళానికి దీర్ఘం ఎగిరిపోయిందంటే ఆ పూట ఆయనకు తిండి సయించదు.

డాక్టరమ్మకు ఈ కోరిక ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆయనకు అంతుబట్టలేదు. ఒకరోజు క్లినిక్కు కిటికీలోంచి ఎవరిదో ఎర్రటి స్పోర్ట్స్ బైకు చూసిందట. ఆ ధ్యాసలో పై పన్ను పీకాల్సినాయనకు కింది పన్ను దాకా వెళ్ళి ఆగిందట. ఇంటికొచ్చి భోజనాల దగ్గర సంగతి బయటపెట్టింది.

"ఇప్పుడెందుకు అలాంటి బండి?" అన్నాడు కామాగారు.

"ఎందుకో నాకూ తెలియదండీ. కావాలనిపిస్తోంది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ కారణం లేకుండా ఏదీ అడిగి ఎరగదు. కారణమంటూ ఉంటే వాదించవచ్చు, లేని కారణాన్ని ఎక్కడని దిద్దుతాడు? చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. బండిని ఆయనే పరీక్ష చేస్తాడు. గట్టి లోపం ఒక్కటి చూపించాడంటే ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తదు.

ఆ వారమంతా కామాగారు పాత బైకుల పరీక్ష గురించి దొరికిన వీడియోలన్నీ చూశాడు. లోపాలు పట్టడానికని మొదలుపెట్టినవాడు రెండో రోజుకే అందులో పడి కొట్టుకుపోయాడు. బండి ఎంత తళతళలాడినా దాని పుట్టుపూర్వోత్తరాలు దాని ఒంటి మీదే రాసి ఉంటాయట. హ్యాండిలు చివర్లు గీరుకుపోయి ఉంటే ఎప్పుడో కింద పడిందన్నమాట. టైరు నడుమ మాత్రమే అరిగితే నెమ్మదస్తుడి బండి, అంచుల దాకా అరిగితే మలుపుల్లో వాల్చి తోలిన బండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పొద్దున్నే వెళ్ళి ఇంజనును తాకి చూడాలి. చల్లగా ఉంటే మంచిదే. వేడిగా ఉంటే మాత్రం అనుమానించాలి. చల్లటి ఇంజను లేవడానికి మొరాయిస్తోందని, మనం వచ్చేలోపే అమ్మేవాళ్ళు దాన్ని లేపి కూర్చోబెట్టి ఉంటారు.

"చైను తిప్పే చక్రానికి పళ్ళుంటాయట. అవి అరిగి మొనదేలాయేమో కూడా చూడాలి" అన్నాడు భార్యతో.

"పళ్ళ సంగతి నాకొదిలేయండి" అంది డాక్టరమ్మ. బయల్దేరేటప్పుడు చూస్తే, రోగుల నోట్లో పెట్టి చూసే చిన్న అద్దమూ, నెత్తికి కట్టుకునే లైటూ ఆవిడ చేతిసంచీలో ఉన్నాయి.

బండి అమ్ముతున్నది ఫోటోలు తీసే ఒక అమ్మాయి. ముందురోజు ఫోనులో అంతా వివరంగా చెప్పింది. "మా అపార్టుమెంటు సెల్లారులో ఉంటుందండీ, ఎర్ర బండి. మీద కవరు కప్పి ఉంటుంది. నేను తయారై దిగేలోపు మీరు చూస్తూ ఉండండి."

సెల్లారులోకి దిగగానే మెట్ల పక్కన కవరు కప్పిన బండి కనబడింది. కామాగారు కవరు కొస ఎత్తి చూశాడు. ఎరుపే. కవరంతా లాగి కింద పరిచి, ఊపిరి బిగబట్టి ఇంజను మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే వెనక్కి తీసుకున్నాడు.

"కాలింది" అన్నాడు, వేళ్ళు ఊదుకుంటూ. ఆ గొంతులో బాధ కన్నా సంబరమే ఎక్కువ వినబడింది.

డాక్టరమ్మ అప్పటికే నెత్తిన లైటు వెలిగించుకుని, కవరు మీద వెల్లకిలా పడుకుని, చక్రం పళ్ళు ఒక్కొక్కటే అద్దంలో చూస్తోంది. "పళ్ళు గట్టిగానే ఉన్నాయండీ. చిగుళ్ళ దగ్గర పాచి పట్టింది, అంతే. అది తుడిస్తే పోతుంది" అంది.

అప్పుడు స్తంభం పక్క నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ట్రాక్ సూటు, కాళ్ళకు బూట్లు, మెడలో తువ్వాలు. అన్నీ ఉన్నాయి గానీ ఒంటి మీద చెమట చుక్క లేదు. మీసం మీద మాత్రం రొట్టె పొడి ఉంది. బండి కింద ఆడమనిషిని, పక్కన చెయ్యి ఊదుకుంటున్న మగమనిషిని చూసి ఆయన అక్కడే నిలబడిపోయాడు.

ఇక్కడ కామాగారికి తెలియని సంగతి ఒకటి మనం తెలుసుకోవాలి. ఆ బండి ఫోటోల అమ్మాయిది కాదు. ఆ అమ్మాయి బండి లిఫ్టు వెనక ఇంకో కవరు కింద ఉంది. ఇది ఈ పెద్దమనిషి బావమరిది బండి. బావమరిది ఓడ మీద ఉద్యోగానికి వెళ్తూ, "బావా, దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడు. మధ్యలో ఎప్పుడైనా మనిషిని పంపి చూపిస్తాను" అని అప్పగించి వెళ్ళాడు. పెద్దమనిషికేమో డాక్టర్లు వెన్న మానెయ్యమన్నారు, రోజూ పొద్దున్నే నడవమన్నారు. ఆయన రోజూ నడకకని దిగి, ఈ బండెక్కి బేకరీకి వెళ్ళి, వెన్న రాసిన వేడి బన్నులు తిని వస్తున్నాడు.

"బండి చూడ్డానికొచ్చామండీ" అన్నాడు కామాగారు.

"పంపిస్తారని తెలుసు. ఇంత పొద్దున్నే వస్తారనుకోలేదు" అన్నాడు పెద్దమనిషి నీరసంగా.

ఫోటోల అమ్మాయి తండ్రి కాబోలనుకున్నాడు కామాగారు. "ఆవిడ ఇంకా దిగలేదా?" అని అడిగాడు.

పెద్దమనిషికి భార్య కళ్ళముందు కదిలింది. "ఆవిడ దాకా ఎందుకండీ? ఏదున్నా నాతోనే మాట్లాడండి. ఆవిడ దిగేలోపే తేల్చేసుకుందాం."

"అయితే చెప్పండి. ఈ రోజు బండి తీశారా?"

"లేదండీ. నేను నడకకు వెళ్ళొస్తున్నాను."

"మరి ఇంజను కాలుతోందే."

పెద్దమనిషి కాసేపు సెల్లారు కప్పు వంక చూశాడు. "ఇక్కడిక్కడే, బేకరీ దాకా" అన్నాడు.

"ఎప్పుడైనా పడిందా?"

"పడలేదండీ. ఒరిగింది."

"ఎటువైపు?"

"ఎడమవైపు." ఆగి, ఇంక దాచి లాభం లేదన్నట్టు, "తర్వాత ఒకసారి కుడివైపు" అన్నాడు.

బండి కింద నుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. "ఇక్కడ ఒక గీత మీద పూసిన రంగు కంపెనీది కాదండీ. దంతాలకు రంగు కలిపి పూడ్చేదాన్ని, ఆ మాత్రం తేడా నాకు తెలుస్తుంది."

"గోళ్ళ రంగమ్మా అది" అన్నాడు పెద్దమనిషి. "మా ఇంట్లోదే."

కామాగారికి ఇంతకన్నా శుభారంభం ఏముంటుంది? ఒకటి అడిగితే రెండు లోపాలు రాలుతున్నాయి. కానీ బండి కింద నుంచి లేచి వచ్చిన డాక్టరమ్మ ముఖం చూసేసరికి ఆయన సంబరం చప్పబడింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"రోజూ ఎంతోమందిని చూస్తుంటాను. పడుకునేముందు చాక్లెట్టు తిన్నానని ఒప్పుకున్నవాడు ఒక్కడు లేడు" అంది భర్త చెవిలో. "ఈయన అడిగిందీ అడగందీ అన్నీ చెప్పేస్తున్నాడు. దాచిన పన్నుతోనే ప్రమాదమండీ. చూపించిన పన్నుకు వైద్యం ఉంటుంది. నాకీ బండి మీద గురి కుదిరింది."

కామాగారు చివరి అస్త్రం తీశాడు. "ఇంత ఇష్టంగా తోలుతున్న బండిని ఇప్పుడెందుకు వదిలేసుకుంటున్నారు?"

"వదిలేస్తానండీ, ఈ రోజే వదిలేస్తాను" అన్నాడు పెద్దమనిషి. "కళ్ళెదుట ఉంటే నావల్ల కావడం లేదు. మీరు తీసుకుపోతానంటే నాకదే మేలు. ఎవరితో ఏమీ అనకండి, అంతే."

"ముందు ఒకసారి నడిపి చూస్తాను" అంది డాక్టరమ్మ. పెద్దమనిషి మారుమాట లేకుండా జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని, ముందుకు వంగి, సెల్లారు వాలు ఎక్కి బయటపడింది. పళ్ళెంలోంచి నిమ్మకాయ దొర్లిపోయినంత తేలిగ్గా బండి వీధిలోకి జారిపోయింది. మగవాళ్ళిద్దరూ ఖాళీ కవరుకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

బండి చప్పుడు ఇంకా వినబడుతూండగానే, చేతిలో కూరల సంచీతో పెద్దమనిషి భార్య మెట్లు దిగివచ్చింది. ఆవిడ చూపు మొదట కవరు మీద పడింది.

"మా తమ్ముడి బండేది?" అంది.

పెద్దమనిషి వంగి కవరు మడతపెట్టబోయాడు. ఆయన తడబడుతున్నాడని జాలిపడి కామాగారు అందుకున్నాడు. "మా ఆవిడ తీసుకెళ్ళిందండీ. నచ్చితే ఈ రోజే తీసేసుకుంటాం. మీవారు కూడా తీసుకుపొమ్మనే అన్నారు."

ఆవిడ సంచీ కింద పెట్టింది. కేకలు వేయలేదు. అందుకే కామాగారికి మరీ భయం వేసింది. "మా తమ్ముడి బండి అమ్మేశారా?" అని భర్తను అడిగింది.

"అమ్మడమేమిటి? వీళ్ళు మీ తమ్ముడు పంపిన మనుషులు. తనిఖీకి వచ్చారు."

"మాకెవరి తమ్ముడూ తెలియదండీ" అన్నాడు కామాగారు. "మేము ఫోటోల అమ్మాయి బండి కొనడానికి వచ్చాం. మీ అమ్మాయే కదా?"

"మాకు అమ్మాయిల్లేరు" అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒకేసారి.

అంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి గబగబా వచ్చింది. "ఆలస్యమైందండీ, ఏమీ అనుకోకండి. బండి చూశారా?" అంటూ చేతిలోని తాళంచెవి చూపించింది.

కామాగారు ఆ తాళంచెవి వంక చూస్తూ ఉండిపోయాడు. ప్రూఫులు దిద్దేవాళ్ళందరికీ ఒక చేదు అనుభవం ఉంటుంది. పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో తప్పు దొరుకుతుంది గానీ, పైన బారెడు శీర్షికలో తప్పు అచ్చయ్యాకే దొరుకుతుంది. హ్యాండిలు చివర్లు, టైరు అంచులు, చక్రం పళ్ళు అన్నీ చూడాలని నేర్చుకుని వచ్చినవాడు, ఇది మనం చూడాల్సిన బండేనా అని మాత్రం చూడలేదు.

డాక్టరమ్మకు ఫోను చేశాడు. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. పెద్దమనిషి భార్య స్కూటరుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "బండి వచ్చేదాకా మీరు కదలడానికి వీల్లేదు. స్కూటరు తాళం ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చేశాడు. ఇవ్వకపోతే తనను దొంగ అంటుంది. ఇచ్చాక కూడా ఆ చూపేమీ మారలేదు.

కాసేపటికి డాక్టరమ్మే ఫోను చేసింది. "ఏమండీ, బండి ఆగిపోయింది. పెద్ద పార్కు ముందరి కూడలిలో ఉన్నాను. ఇక్కడ ట్రాఫిక్ పోలీసాయన ఈ బండి ఎవరిదని అడుగుతున్నాడు." గొంతు తగ్గించి అంది. "ఎవరిదండీ?"

"అది చెప్పడానికే ఇందాకట్నుంచి చేస్తున్నాను" అన్నాడు కామాగారు. నలుగురి ముందూ ఆ సంగతంతా విడమరచి చెప్పాడు. "పోలీసాయనకు ఇలా చెప్పమంటారా?" అంది డాక్టరమ్మ. "తాళంచెవి ఆయనే తీసుకున్నాడు. బండి గలవాళ్ళు వస్తే గానీ ఇవ్వడట."

పెద్దమనిషి నెత్తి పట్టుకున్నాడు. "పెట్రోలు అయిపోయుంటుంది. మీటరు ముల్లు బావమరిది వదిలినప్పటిలా అడుగునే ఉండాలని ఏ రోజుకారోజు కాసింతే పోయిస్తాను. ఈ రోజుది బేకరీకి సరిపోయింది."

"బేకరీకా?" అంది ఆయన భార్య.

ఆ విచారణ దారిలో జరిగింది. ఎందుకంటే బండి విడిపించడానికి ఆ ఇద్దరూ వెళ్ళక తప్పదు. వాళ్ళు కామాగారి స్కూటరు ఎక్కారు. మిగిలిన కామాగారికి ఫోటోల అమ్మాయి బండి వెనక సీటు తప్ప దిక్కు లేకపోయింది.

లిఫ్టు వెనక కవరు తీసేసరికి ఈ బండీ ఎర్రగా మెరిసింది. అంత కంగారులోనూ ఆయన చెయ్యి ఊరుకోలేదు, వెళ్ళి ఇంజను మీద వాలింది. రాయిలా చల్లగా ఉంది. అమ్మాయి మీట నొక్కిన మరుక్షణం అందుకుంది. హ్యాండిలు చివర్లు కొత్తగా ఉండడం చూసి ఆయన కళ్ళు చిట్లించాడు.

"పోయినేడు పడేశానండీ. చివర్లు మార్పించాను, లోపలేమీ వంగలేదు. మెకానిక్కుకు కూడా చూపించుకోండి" అంది అమ్మాయి. "కెమెరా పెట్టెలు దీని మీద పట్టడం లేదు. లేకపోతే దీన్ని అమ్మను. గట్టిగా పట్టుకోండి."

ఈ టైర్లు అంచుల దాకా అరిగి ఉన్నాయి. ఎందుకరిగాయో మొదటి మలుపులోనే ఆయనకు తెలిసింది. రోడ్డు పైకి లేచి మోకాలిని పలకరించి వెళ్ళినట్టయింది. కళ్ళు మూసుకున్నాడు. రెండో మలుపులో ఒక కన్ను తెరిచాడు, మూడో మలుపుకు రెండూ తెరిచాడు. దుకాణాలు, గోడలు, బోర్డులు, ఎర్రక్షరాలు, నీలాలు అన్నీ కలిసి ఒకే రంగుల పట్టీలా సాగిపోతున్నాయి. ఒక బోర్డు చదవబోయాడు, అది వెళ్ళిపోయింది. ఇంకోటి చదవబోయాడు, అదీ అంతే. మూడోదానికి ప్రయత్నం మానుకున్నాడు. నెత్తి మీద మోస్తున్న బరువేదో ఎక్కడో జారిపోయినట్టు, ఆయనకు వింతగా, హాయిగా అనిపించింది. దారిలో సీసాలో పెట్రోలు పోయించడానికి బంకు దగ్గర ఆపితే, "అప్పుడే ఆపారేం?" అని అడిగాడు.

కూడలికి చేరేసరికి అక్కడ నలుగురు మూగి ఉన్నారు. భార్య చేతులు కట్టుకుని నేరస్తురాలిలా నిలబడి ఉంటుందని ఊహించుకుంటూ కామాగారు జనాన్ని తోసుకుని వెళ్ళాడు. ట్రాఫిక్ పోలీసు రోడ్డు పక్క గట్టు మీద నోరు తెరిచి కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ నెత్తిన లైటు వెలిగించుకుని ఆయన నోట్లో అద్దం పెట్టి చూస్తోంది.

"కింద వెనక పన్ను" అంది భర్తతో, తలెత్తకుండానే. "నేను దొంగను కాదు, పళ్ళ డాక్టర్నని చెబితే, అయితే ఈ నొప్పేంటో చెప్పమన్నాడు."

వెనకే స్కూటరు వచ్చింది. పెద్దమనిషి ఓడ మీదున్న బావమరిదికి ఫోను చేయాల్సి వచ్చింది, జరిగిందంతా పోలీసు ఎదుటే చెప్పాల్సి వచ్చింది. బావమరిది అంతా విని, "ఇన్నాళ్ళూ దాన్ని కదిలించారా? బతికించారు బావా. నిలబెడితే బ్యాటరీ చచ్చిపోతుందని నేనిక్కడ దిగులుపడుతున్నాను" అన్నాడట. పెద్దమనిషి హాయిగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. భార్య మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"ఇన్నాళ్ళూ వెన్న బన్నులు తిన్నారు. నాకొక్కటైనా తెద్దామని తోచలేదు కదా మీకు" అంది. బండికి పెట్రోలు పోశాక వెళ్ళి ఆ ఎత్తైన వెనక సీటు ఎక్కి కూర్చుంది. "పదండి, ఆ బేకరీ ఎక్కడో చూద్దాం."

వాళ్ళు వెళ్ళిపోయారు. పోలీసాయన మర్నాడు క్లినిక్కుకు వస్తానని చెప్పి తన చోటికి వెళ్ళాడు. డాక్టరమ్మ రెండు చేతులూ నడుం మీద ఆనించి వెనక్కి విరుచుకుంది.

"నాకొద్దండీ స్పోర్ట్స్ బైకు" అంది. "దాని మీద కూర్చుంటే క్లినిక్కులో కూర్చున్నట్టే ఉంది. అదే వంగుడు, అదే మెడ నొప్పి. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎక్కాక మనకు కనబడేది పెట్రోలు టాంకే. మీరు చెప్పిందే నిజం, ఇంటికి పోదాం."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషి ఎందుకో కదల్లేదు. ఫోటోల అమ్మాయి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చైను చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. లేచాడు.

"కాస్త దీని పళ్ళు కూడా చూడు" అన్నాడు.

"ఎందుకండీ? నాకొద్దన్నాను కదా."

"దారి పొడుగునా నేను ఒక్క బోర్డు కూడా చదవలేదు" అన్నాడు కామాగారు, నేల చూపులు చూస్తూ.

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి నుదుటి మీద ముడి లేకుండా ఆవిడ చూడడం అదే మొదలు. మరేమీ అడగకుండా నెత్తిన లైటు మళ్ళీ వెలిగించుకుని, అద్దం తుడుచుకుని, చక్రం ముందు కూర్చుంది.

ఆ వారంలోనే మెకానిక్కు చూసి బాగుందన్నాడు, కాగితాలు మారాయి, తాళంచెవి కామాగారి చేతికొచ్చింది. ఇద్దరూ కలిసి వెళ్ళి, ఆవిడ స్కూటరు మీదా ఆయన ఎర్ర బండి మీదా ఒకేసారి సెల్లారు వాలు ఎక్కి బయటపడ్డారు. అక్కణ్ణుంచి వాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతల. డాక్టరమ్మ వెళ్ళి వంట చేసి, తిని, ఒక కునుకు తీసి లేచేసరికి ఆయన కూడా వచ్చేశాడు.